చేతి గేమింగ్ పరికరంలో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయడం: మన ఎండల్లో ఆ ప్రమాదానికి తగిన ఫలితం ఉంటుందా?

పెన్నా తీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. నా దగ్గర స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ పరికరం ఉంది. 2022లో విడుదలైన మొదటి రకం, ఎల్‌సీడీ తెర ఉన్నది. దీనిని మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు కాబట్టి, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య సెలవులకు వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. ఇంతవరకు దానిలో ఏ మార్పూ చేయలేదు.

నాకు ఇబ్బంది రెండు చోట్ల కలుగుతోంది. పెద్ద నగరంలో తిరిగే ఒక కంప్యూటర్ గేములో, జనం కిక్కిరిసిన వీధుల్లోకి వెళ్లగానే సెకనుకు ముప్పై ఫ్రేములు రావలసినవి ఇరవై ఆరుకు పడిపోతున్నాయి. పాత గేమింగ్ యంత్రాల ఆటలను ఎమ్యులేటర్‌లో (ఆ యంత్రాలను అనుకరించే సాఫ్ట్‌వేర్‌లో) ఆడేటప్పుడు కొన్నిచోట్ల శబ్దం తెగితెగి వస్తోంది. ప్రాసెసర్‌కు తయారీదారు పెట్టిన 3.5 గిగాహెర్ట్జ్ పరిమితిని, బయాస్‌లో (పరికరం వెలగగానే మొదట నడిచే లోపలి సాఫ్ట్‌వేర్‌లో) దాచి ఉంచిన సెట్టింగులను తెరిచే ఒక అనధికార సాధనంతో 4 గిగాహెర్ట్జ్ వరకు, ఇంకా పైకి కూడా పెంచవచ్చనీ, 15 వాట్ల విద్యుత్ పరిమితిని కూడా అలాగే పెంచవచ్చనీ చదివాను. ఇలా వేగ పరిమితిని దాటించడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. చేసినవారిలో చాలామంది సంతృప్తిగానే ఉన్నామని రాశారు. అయితే వారిలో ఎక్కువమంది చలి దేశాలలో ఉన్నవారు.

మాది వేదాయపాళెంలో పై అంతస్తు శ్లాబు గది. ఏసీ లేదు. మే నెలలో రాత్రి పది గంటలు దాటినా పడమటి గోడ మీద చేయి పెట్టలేము. ఇటువంటి చోట ఈ పని చేస్తే నిజంగా ఎంత లాభం వస్తుంది, పరికరంలో ముందుగా చెడిపోయేది ఏది, చెడిపోతే నెల్లూరులో బాగుచేయించుకునే మార్గం ఉందా అన్నవి నా ప్రశ్నలు. చేయవద్దు అనే సమాధానమైనా సరే, కారణంతో సహా చెప్పగలిగితే కృతజ్ఞుడిని.

గుండ్లకమ్మ (ఒంగోలు)

నమస్కారం. నేను ఎలక్ట్రానిక్స్ బోధించే వృత్తిలో ఉన్నాను. మీ ప్రశ్న చాలా సరైనది, ముఖ్యంగా గది గురించి మీరు రాసిన మూడు వాక్యాలు. సాధారణంగా ఈ విషయం మీద జరిగే చర్చలలో లేనిది అదే.

ఏ చేతి పరికరాన్ని ఓవర్‌క్లాక్ చేయాలనుకున్నా మొదట తేల్చుకోవలసింది ఒకటుంది. తయారీదారు ఆ చిప్‌లో వాడకుండా వదిలిన సామర్థ్యం ఏమైనా ఉందా? సోనీ వారి పీఎస్‌పీ 2004 డిసెంబరులో జపాన్‌లో వచ్చినప్పుడు దానిలోని ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్ వరకు పనిచేయగలిగినదే. ఆటలకు మాత్రం 222 వరకే అనుమతించారు. 2007లో వచ్చిన సాఫ్ట్‌వేర్ మార్పుతో ఆ పరిమితిని సోనీ వారే తొలగించారు. నింటెండో స్విచ్‌లో 2017 నుంచి ప్రాసెసర్ 1020 మెగాహెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. 2019లో వచ్చిన మార్పుతో, కొన్ని ఆటలు లోడ్ అయ్యే కొద్దిసేపు దానిని 1.75 గిగాహెర్ట్జ్ దాకా తయారీదారే పెంచారు. ఇటువంటి యంత్రాలలో ఔత్సాహికులు వేగం పెంచితే, వారు తీసుకున్నది చాలావరకు ముందే పక్కన పెట్టి ఉంచిన సామర్థ్యాన్ని.

స్టీమ్ డెక్ ఆ కోవలోది కాదు. దానిలోని ఏఎండీ చిప్‌లో నాలుగు కోర్ల ప్రాసెసర్, దాని పక్కనే గ్రాఫిక్స్ భాగం ఒకే ముక్క మీద ఉంటాయి. ప్రాసెసర్ వేగం 2.4 నుంచి 3.5 గిగాహెర్ట్జ్ మధ్య, గ్రాఫిక్స్ వేగం 1.0 నుంచి 1.6 గిగాహెర్ట్జ్ మధ్య, అవసరాన్ని బట్టి క్షణక్షణం మారుతూ ఉంటుంది. రెండింటికీ కలిపి ఇచ్చేది గరిష్ఠంగా 15 వాట్లు. ఒకే పంట కాలువ మీద ఆధారపడిన రెండు మడుల వంటివి ఇవి: పై మడి తూమును పెద్దది చేసినంత మాత్రాన కాలువలో నీరు పెరగదు, కింది మడికి అందేది తగ్గుతుంది. కాబట్టి బరువైన గ్రాఫిక్స్ ఉన్న ఆటలో మీరు ప్రాసెసర్ పరిమితిని మాత్రమే పెంచితే ఫ్రేములు పెరగకపోగా తగ్గే అవకాశం కూడా ఉంది. ఫలితం కావాలంటే 15 వాట్ల పరిమితిని కూడా పెంచాలి. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడ.

చిప్ లోపల ట్రాన్సిస్టర్లు మారడానికి ఖర్చయ్యే విద్యుత్తు క్లాకు వేగానికి నేరుగానూ, వోల్టేజీకి వర్గంగానూ పెరుగుతుంది. వేగాన్ని ఇరవై శాతం పెంచి, అది తడబడకుండా పనిచేయడానికి వోల్టేజీని పది శాతం పెంచవలసి వచ్చిందనుకోండి. 1.2 × 1.1 × 1.1 అంటే 1.45. ఇరవై శాతం వేగానికి నలభై ఐదు శాతం అదనపు విద్యుత్తు. పని చేయకపోయినా కారిపోయే విద్యుత్తు వేరే ఉంటుంది, చిప్ వేడెక్కిన కొద్దీ అది కూడా పెరుగుతుంది. ఇంట్లో బల్ల మీద ఉండే కంప్యూటర్‌కు పెద్ద హీట్‌సింకు తగిలించి ఈ వేడిని బయటికి పంపవచ్చు. అరచేతుల మధ్య ఇమిడే పరికరంలో అంత చోటు లేదు.

ఇప్పుడు మీ గది సంగతి. వేడి బయటికి వెళ్లేది చిప్‌కు, గదికి మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా వల్ల. 25 డిగ్రీల గదిలో 15 వాట్ల దగ్గర చిప్ 80 డిగ్రీల వద్ద నిలబడిందనుకుందాం. తేడా 55. ఫ్యాను వేగం మారదనుకుంటే, అదే పరికరం అదే పనిని 40 డిగ్రీల గదిలో చేసినప్పుడు చిప్ 95కు చేరుతుంది. మీరు ఏ సెట్టింగూ తాకకముందే ఇది జరుగుతుంది. పరిమితిని 20 వాట్లకు పెంచితే ఆ తేడా 55 నుంచి 73కు పెరుగుతుంది. నలభైకి డెబ్బై మూడు కలిపితే నూటపదమూడు. స్టీమ్ డెక్ తయారీదారైన వాల్వ్ సంస్థ 2022 జూలైలో ఐరోపాలో వడగాలులు వీచినప్పుడు ఇచ్చిన సూచన ప్రకారం, ఈ పరికరం బాగా పనిచేసేది పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. చిప్ 100 డిగ్రీలకు చేరితే వేగం తనంతట తాను తగ్గుతుంది, 105 దగ్గర పరికరం ఆగిపోతుంది. నెల్లూరులోనూ, మా ఒంగోలులోనూ వేసవి మధ్యాహ్నాలు ఆ 35ను దాటి ఎంత దూరం వెళతాయో వేరే చెప్పనక్కరలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దలు అన్న కాలంలో, పెంచిన వేగాన్ని పరికరమే తిరిగి తగ్గించుకుంటుంది. మీకు మిగిలేది వేడి, ఫ్యాను మోత, తొందరగా ఖాళీ అయ్యే బ్యాటరీ.

లాభం లెక్క కూడా చూడండి. 3.5 నుంచి 4.0 అంటే పద్నాలుగు శాతం. ఆట పూర్తిగా ప్రాసెసర్ మీదే ఆధారపడి ఉన్నదనుకున్నా మీ ఇరవై ఆరు ఫ్రేములు 29.7 అవుతాయి. అది కూడా కాగితం మీద మాత్రమే. ప్రాసెసర్ వేగం పెరిగినా మెమరీ వేగం పెరగదు కనుక, డేటా కోసం వేచి ఉండే సమయం అలాగే ఉంటుంది.

అయినా అంచనాలతో తేల్చవలసిన విషయం కాదు ఇది. త్వరిత మెనూలో పనితీరు చూపే పట్టీ ఉంటుంది, దానిని అత్యంత వివరమైన స్థాయికి మార్చి, ఇబ్బంది వచ్చిన చోట ప్రాసెసర్ వేగం, గ్రాఫిక్స్ శాతం, వాట్లు, ఉష్ణోగ్రత ఎంతెంత ఉన్నాయో రాసి ఇక్కడ పెట్టండి. ఆ అంకెలు చూడకుండా పెంచమని గాని, వద్దని గాని ఖచ్చితంగా చెప్పడం సరికాదు.

కావలి కుర్రాడు (కావలి)

గుండ్లకమ్మ సార్ చెప్పిన లెక్కలతో నాకు విభేదం లేదు. ఒక్క విషయంలో మాత్రం నా అనుభవం కొంత వేరు కాబట్టి రాస్తున్నాను.

నేను ఇదే పరికరాన్ని చలికాలంలో, రాత్రి వేళల్లో 4.0 గిగాహెర్ట్జ్ దగ్గర వాడి చూశాను. విద్యుత్ పరిమితిని మాత్రం 15 వాట్ల దగ్గరే ఉంచాను. కంప్యూటర్ గేములలో చెప్పుకోదగిన తేడా రాలేదు, సార్ చెప్పిన కారణమే అయి ఉంటుంది. ఎమ్యులేటర్‌లో మాత్రం తేడా స్పష్టంగా కనిపించింది. ఎందుకంటే పాత యంత్రాన్ని అనుకరించే పని ఎక్కువగా ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది, గ్రాఫిక్స్ భాగం దాదాపు ఖాళీగా ఉంటుంది, దానివల్ల ప్రాసెసర్‌కు కావలసిన వాట్లు మిగిలే ఉంటాయి. కాబట్టి ఓవర్‌క్లాకింగ్ ఎప్పుడూ వ్యర్థమే అనడం నాకు సమ్మతం కాదు. చల్లని వేళ, ఎమ్యులేటర్ మాత్రమే ఆడేవారికి, విద్యుత్ పరిమితి జోలికి పోకుండా ఉంటే, అది పనికివస్తుంది.

అయితే 4.2 దగ్గర నా పరికరం నిలబడలేదు. మరొకరిది నిలబడవచ్చు. ఒకే కర్మాగారంలో తయారైన రెండు చిప్‌లు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు, ఒకదానికి తక్కువ వోల్టేజీ సరిపోతే ఇంకొకదానికి ఎక్కువ కావాలి. అందువల్ల ఇంకొకరి అంకెలను చూసి అవే పెట్టుకోవడం మంచిది కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆట మధ్యలో తెర గడ్డకట్టుకుపోతే తప్పు జరిగిందని తెలుస్తుంది, తిరిగి వెలిగించుకుంటాము. ఏమీ గడ్డకట్టకుండానే లెక్క తప్పడం దానికంటే ఇబ్బంది. నా విషయంలో పరికరం బాగానే నడుస్తున్నట్లు కనిపించింది కానీ, ఒక ఆటలో దాచుకున్న ప్రగతి అంతా తెరుచుకోకుండా పోయింది. కాబట్టి ఎవరు ప్రయత్నించినా ముందుగా సేవ్ ఫైళ్లన్నింటినీ వేరే చోట భద్రపరచుకోవాలి.

ఇప్పుడు నేను దీనికి సరిగ్గా ఎదురు దిశలో వెళుతున్నాను. వేగం పెంచడం మానేసి వోల్టేజీ తగ్గించాను. దీనికి ఏ అనధికార సాధనమూ అవసరం లేదు. కొత్త బయాస్‌లో వాల్వ్ వారే ఆ అవకాశం ఇచ్చారు. పరికరాన్ని పూర్తిగా ఆపి, శబ్దం పెంచే బొత్తాన్ని నొక్కి ఉంచి పవర్ బొత్తాన్ని నొక్కితే బయాస్ మెనూ వస్తుంది. అందులో ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్‌కు విడివిడిగా యాభై మిల్లీవోల్టుల వరకు తగ్గించవచ్చు. ఒకేసారి యాభైకి వెళ్లకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తూ, ప్రతి మెట్టు దగ్గర బరువైన ఆటను తగినంత సేపు ఆడి చూడాలి. నాది ముప్పై దగ్గర నిలకడగా ఉంది. వోల్టేజీ వర్గం లెక్క ఇక్కడ మనకు అనుకూలంగా పనిచేస్తుంది: అదే 15 వాట్లలో చిప్ తనంతట తానే కొంచెం ఎక్కువ వేగాన్ని పట్టుకోగలుగుతుంది. మా కావలిలో మే నెలలో నాకు దొరికిన నిజమైన మెరుగుదల ఇదొక్కటే.

తెరను 40 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు నలభైసార్లు మారేలా మార్చి, ఫ్రేములను కూడా నలభైకి కట్టడి చేయడం కూడా ప్రయత్నించండి. ముప్పై ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు, అరవై దగ్గర 16.7. నలభై దగ్గర 25, సరిగ్గా రెండింటి నడిమధ్య. ముప్పైకి పది ఫ్రేములే కలిసినా చేతికి తెలిసే తేడా చాలా ఎక్కువగా ఉంటుంది. మీ నగరం ఆటకు ఇది అందకపోవచ్చు గానీ, మిగిలిన ఆటలకు ఉపయోగపడుతుంది.

ట్రంకు రోడ్డు రిపేరు (నెల్లూరు)

పెన్నా తీరం అన్నా, నమస్తే. నేను ట్రంకు రోడ్డులో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల బోర్డు పని చేస్తాను. సిద్ధాంతం సంగతి పైన ఇద్దరూ చెప్పారు కాబట్టి, ఏది ముందు చెడుతుంది, బాగుచేయవచ్చా అని మీరు అడిగినదానికి మాత్రం జవాబు రాస్తాను.

వేడికి మొదట దెబ్బతినేది చిప్ కాదు, బ్యాటరీ. అందరూ ప్రాసెసర్ కాలిపోతుందని భయపడతారు. ఆ ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది, వేగం తగ్గించుకుంటుంది, అవసరమైతే ఆగిపోతుంది. లిథియం బ్యాటరీకి అటువంటి ఉపాయం తక్కువ. వేడి గదిలో, ఛార్జరు తగిలించి, నూరు శాతం నిండి ఉన్న బ్యాటరీతో గంటల తరబడి ఆడటం దానికి అన్నింటికంటే చెడ్డది. వేసవి దాటాక మా దగ్గరికి ఉబ్బిన బ్యాటరీతో వచ్చే పరికరాలలో ఎక్కువ భాగం ఇలా వాడినవే. మొదటి రకం డెక్‌లో బ్యాటరీని గట్టి జిగురుతో అతికించి ఉంచారు. ఉబ్బినదాన్ని ఊడదీయడం ఓర్పుతో చేయవలసిన, నిప్పు అంటుకునే ప్రమాదం ఉన్న పని. ఇంట్లో స్క్రూడ్రైవరుతో పొడిచి లేపవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. డెక్‌ను నడిపే స్టీమ్ఓఎస్ సాఫ్ట్‌వేర్ ఇటీవలి రకంలో ఛార్జింగ్‌ను ఎనభై శాతం దగ్గర ఆపే సదుపాయం వచ్చింది. మీరు ఎక్కువగా ఛార్జరు తగిలించే ఆడుతున్నట్లయితే ఈరోజే దానిని పెట్టుకోండి.

బ్యాటరీ తరువాతి వంతు ఫ్యానుది, థర్మల్ పేస్టుది. ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగే చిన్న ఫ్యాను బేరింగు అరిగిపోయి గీరుతున్న శబ్దం చేస్తుంది. పేస్టు ఎండిపోతే చిప్ వేడి హీట్‌సింకుకు అందదు. ఇవి రెండూ మార్చదగినవే, విడిభాగాలు తెప్పించుకోవడానికి కొంత కాలం పడుతుంది. చిప్ లోపల జరిగే నష్టం నెమ్మదైనది. ఎక్కువ విద్యుత్ ప్రవాహం, ఎక్కువ వేడి కలిసి సన్నటి లోహపు తీగలలోని అణువులను కొద్దికొద్దిగా జరుపుతాయి. సంవత్సరాల తరువాత, ఒకప్పుడు నిలకడగా ఉన్న వేగం దగ్గర తడబాటు మొదలవుతుంది. ఆ చిప్ పోతే నెల్లూరులో కాదు గదా, చెన్నైకి తీసుకువెళ్లినా మార్చడం గగనమే. బోర్డు మీద టంకం చేసి ఉన్న ఆ చిప్ కొత్తది విడిగా దొరకదు, పాడైన ఇంకొక డెక్ బోర్డు నుంచి తీయాలి. మన దగ్గర అటువంటి పాత బోర్డులు ఎక్కడ ఉన్నాయి? ఫోన్లకైతే పాత సరుకు గుట్టలుగా దొరుకుతుంది, ఈ పరికరానికి దొరకదు.

మన జిల్లాకు సంబంధించినది ఇంకొకటి ఉంది. సముద్రపు గాలిలో ఉప్పు తేమ. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవారి పరికరాలు తెరిస్తే ఛార్జింగ్ పోర్టు లోపల ఆకుపచ్చని చిలుము కనిపిస్తుంది. ఫ్యాను ఎంత గట్టిగా తిరిగితే అంత గాలిని లోపలికి లాగుతుంది, ఆ గాలితోపాటు తేమను, ధూళిని కూడా. వేగం పెంచడం అంటే ఇది కూడా పెంచడమే. వేడెక్కిందని తడిగుడ్డ కప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం, నీళ్ల కూలరు ముందు పెట్టి ఆడటం అసలు చేయకండి. చల్లని పరికరాన్ని మన ఉక్క గాలిలోకి తెచ్చిన వెంటనే బోర్డు మీద నీటి బిందువులు పడతాయి. అలా వచ్చిన బోర్డులను శుభ్రం చేయడం కంటే కాలిన బోర్డును బాగుచేయడం సులభం.

పెన్నా తీరం (నెల్లూరు)

ముగ్గురికీ హృదయపూర్వకంగా కృతజ్ఞతలు. గుండ్లకమ్మ గారు చెప్పినట్లు పట్టీని తెరిచి చూశాను. రాత్రి భోజనాల తరువాత, సీలింగ్ ఫ్యాను కింద కూర్చొని చూసిన అంకెలు ఇవి.

నగరం ఆటలో, జనం ఉన్న వీధిలో: గ్రాఫిక్స్ 97 నుంచి 99 శాతం. విద్యుత్ పరిమితి పూర్తిగా వాడుకుంటోంది. ఉష్ణోగ్రత తొంభై దాటింది. ప్రాసెసర్ వేగం మాత్రం 2.6 దగ్గర ఊగుతోంది, 3.5కు ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఎమ్యులేటర్‌లో: గ్రాఫిక్స్ ముప్పై శాతం లోపే. ప్రాసెసర్ 3.5 దగ్గర స్థిరంగా ఉంది. ఒక కోరు మాత్రం దాదాపు పూర్తిగా నిండి ఉంది. ఉష్ణోగ్రత డెబ్బై ఎనిమిది. ఇంకొకటి గమనించాను. శబ్దం తెగిన చోటికి వెనక్కి వెళ్లి అదే ఘట్టాన్ని మళ్లీ ఆడితే రెండోసారి తెగలేదు. ఇది ఏమి సూచిస్తుందో నాకు అర్థం కాలేదు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

ఈ అంకెలు చాలా విలువైనవి. వీటితో మీ రెండు సమస్యలూ దాదాపుగా విడిపోయాయి.

నగరం ఆటలో మీ ప్రాసెసర్ ఇప్పుడున్న 3.5 పరిమితినే అందుకోవడం లేదు. 2.6 దగ్గర ఆగిపోతున్నదానికి 4.0 వరకు వెళ్లవచ్చని అనుమతి ఇవ్వడం వల్ల జరిగేది ఏమీ లేదు. అక్కడ కొరత వాట్లది. ఆ కొరతను రెండు విధాలుగా తీర్చవచ్చు. 15 వాట్లను పెంచడం ఒకటి, ఇప్పటికే తొంభై దాటిన ఉష్ణోగ్రతతో మీ గదిలో దానికి చోటు లేదు. గ్రాఫిక్స్ భాగం అడిగేదాన్ని తగ్గించడం రెండవది. ఆటలో నీడల నాణ్యతను ఒక మెట్టు దించి, తెర స్పష్టతను కొద్దిగా తగ్గించి, పరికరంలోనే ఉన్న ఎఫ్‌ఎస్‌ఆర్ అనే సదుపాయంతో ఆ చిత్రాన్ని పూర్తి తెరకు పెద్దది చేయించండి. ఏడు అంగుళాల తెర మీద ఆ తేడాను కన్ను పెద్దగా పట్టదు. అలా మిగిలిన వాట్లు ప్రాసెసర్‌కు వెళతాయి, దాని వేగం 2.6 నుంచి పైకి లేస్తుంది. జనం సాంద్రతను తగ్గించే సెట్టింగు ఆ ఆటలో ఉంటే దాన్ని కూడా ఒక మెట్టు దించండి. కావలి మిత్రుడు చెప్పిన వోల్టేజీ తగ్గింపు కూడా సరిగ్గా ఇక్కడే ఉపయోగపడుతుంది. ఓవర్‌క్లాకింగ్‌తో మీరు ఆశించిన మూడు నాలుగు ఫ్రేములు ఈ మార్గంలో రావడానికి మంచి అవకాశం ఉంది. పైగా పరికరం ఇప్పటికంటే చల్లగా ఉంటుంది.

ఎమ్యులేటర్ విషయంలో, రెండోసారి శబ్దం తెగకపోవడమే అసలు ఆధారం. ప్రాసెసర్ వేగం చాలకపోతే అదే చోట ప్రతిసారీ తెగాలి. తొలిసారి మాత్రమే తెగుతున్నదంటే, కొత్త దృశ్య ప్రభావం తెర మీదికి వచ్చినప్పుడు దానికి కావలసిన షేడర్‌ను (గ్రాఫిక్స్ భాగం నడిపే చిన్న ప్రోగ్రామును) ఎమ్యులేటర్ అప్పటికప్పుడు తయారు చేస్తోంది, ఆ క్షణంలో మిగిలిన పని ఆగుతోంది అని ఎక్కువగా నమ్మవచ్చు. ఒకసారి తయారైనది దాచి ఉంచుతుంది కనుక రెండోసారి ఆగదు. ఎమ్యులేటర్ గ్రాఫిక్స్ సెట్టింగులలో షేడర్లను ముందుగానే, లేదా వెనుకవైపు విడిగా తయారు చేసే ఎంపిక ఉందేమో చూసి దానిని పెట్టండి. ఒకవేళ ఆ తరువాత కూడా ఏదైనా ఒక ఆట ప్రతిసారీ అదే చోట తడబడితే, అప్పుడు కావలి మిత్రుడి వాదనకు బలం వస్తుంది. డిసెంబరు దాకా ఆగి, విద్యుత్ పరిమితిని కదపకుండా 3.6, 3.7 అని చిన్న మెట్లతో ప్రయత్నించవచ్చు. వేసవిలో మాత్రం నేను ఒప్పుకోను.

కావలి కుర్రాడు (కావలి)

సార్ చెప్పిన షేడర్ల సంగతి నిజమే. నేను 4.0 పెట్టడానికి ముందే ఆ ఎంపికను పెట్టుకున్నాను, కాబట్టి నా పోలికలో ఆ అంశం లేదు. పెన్నా తీరం గారి పరికరంలో దానిని సరిచేయకుండా వేగం పెంచితే తెగడం కొంత తగ్గినట్లు కనిపించేది. అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోయేది. అనధికార సాధనం గురించి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అది డెక్ కోసమని తయారైనది కాదు, ఏఎండీ చిప్‌లున్న యంత్రాల బయాస్‌లో దాచిన మెనూలను తెరిచేది. అందులో కనిపించే సెట్టింగులలో చాలావాటికి ఈ పరికరంతో సంబంధం ఉండదు. తెలియని గడిలో అంకె మారిస్తే తెర కూడా వెలగని స్థితికి రావచ్చు. ఆ స్థితి నుంచి బయటపడటానికి కొన్నిసార్లు పరికరాన్ని విప్పి, బయాస్ చిప్‌ను బయటి ప్రోగ్రామరుతో తిరిగి రాయవలసి వస్తుంది.

ట్రంకు రోడ్డు రిపేరు (నెల్లూరు)

ఆ పని నెల్లూరులో చేయవచ్చు, ప్రోగ్రామరు మా దగ్గర ఉంది. అయితే మీ పరికరం నుంచి ముందే తీసి ఉంచుకున్న అసలు బయాస్ నకలు ఉంటేనే పూర్తిగా మునుపటిలా వస్తుంది, ఎందుకంటే ఒక్కో పరికరానికి ప్రత్యేకమైన కొంత సమాచారం అందులోనే ఉంటుంది. ఆ నకలు తీయకుండా ఎవరూ ఆ సాధనం జోలికి పోకూడదు.

పెన్నా తీరం (నెల్లూరు)

షేడర్ల ఎంపికను మార్చాను. నిన్న రాత్రి కొత్త ఘట్టాలలో కూడా శబ్దం తెగలేదు. నగరం ఆటలో నీడలు, జనం రెండింటినీ ఒక మెట్టు దించి, స్పష్టతను తగ్గించి ఎఫ్‌ఎస్‌ఆర్ పెట్టాను. రద్దీ వీధిలో ఇరవై తొమ్మిది, ముప్పై మధ్య ఉంటోంది. ప్రాసెసర్ వేగం మూడు గిగాహెర్ట్జ్ దాటింది. ఛార్జింగ్‌ను ఎనభై దగ్గర ఆపాను. వోల్టేజీ తగ్గింపు ఈ ఆదివారం తీరికగా, చిన్న మెట్లతో మొదలుపెడతాను. ఓవర్‌క్లాకింగ్ ఆలోచన ఈ వేసవికి విరమించుకున్నాను.

ఒక్క సందేహం మిగిలింది. ఉష్ణోగ్రత ఇంకా ఎనభై ఎనిమిది దాకా వెళుతోంది. ఇంతవరకు ఎప్పుడూ లోపల శుభ్రం చేయలేదు. ధూళి తుడవడానికి నేనే వెనుక మూత తీయవచ్చా, లేక మీ దగ్గరికి తీసుకురమ్మంటారా?

ట్రంకు రోడ్డు రిపేరు (నెల్లూరు)

ధూళి తుడవడం వరకైతే మీరే చేసుకోవచ్చు అన్నా. ముందుగా బ్యాటరీని పాతిక శాతం కంటే కిందికి రానివ్వండి, పరికరాన్ని పూర్తిగా ఆపండి. మైక్రో ఎస్‌డీ కార్డు ఉంటే తప్పకుండా బయటికి తీయండి, అది లోపల ఉండగా మూత లేపితే రెండు ముక్కలవుతుంది. వెనుక ఎనిమిది మరలు ఉంటాయి. పొడవువి, పొట్టివి కలిసిపోకుండా ఏవి ఎక్కడివో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి. అవి ప్లాస్టిక్‌లోకి దిగేవి కాబట్టి తిరిగి బిగించేటప్పుడు గట్టిగా తిప్పకండి. ఫ్యాను రెక్కలను వేలితో కదలకుండా పట్టుకొని, మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. హీట్‌సింకును మాత్రం కదిలించవద్దు, కదిలిస్తే పేస్టు కొత్తగా పెట్టవలసిందే. తుడిచిన తరువాత కూడా అదే ఆటలో ఎనభై ఐదు కంటే దిగకపోతే తీసుకురండి. పేస్టు మార్చే పనికి అరపూట చాలు, మీ ఎదురుగానే చేస్తాను.